పానగల్ పార్కులో మనోభావాలు

2024 నవంబరు మూడో ఆదివారం. ఉదయం ఆరున్నరకి టీనగర్ పానగల్ పార్కులో ఎప్పటిలాగే ముగ్గురం ఉన్నాం: పెదనాన్న, వదిన, నేను. రోజూ నాలుగు రౌండ్లు నడిచేవాళ్లం ఆరోజు ఒక్కటి కూడా పూర్తి చేయలేదు. ముందురోజు రాత్రి నటి కస్తూరిని హైదరాబాదులో అరెస్టు చేసి చెన్నై తీసుకొస్తున్నారని వార్త. పెదనాన్న మొహంలో పండగ కళ. "లోపలేస్తే గానీ బుద్ధి రాదు ఇట్టాంటోళ్లకి" అన్నాడు. ఎమర్జెన్సీ రోజుల్లో సెన్సారుకి వ్యతిరేకంగా కరపత్రాలు పంచానని డెబ్భై రెండేళ్ల వయసులో కూడా గర్వంగా చెప్పుకునే మనిషి ఆయన.

సంగతి మర్చిపోయినవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఆ నెల 3న చెన్నై ఎగ్మోరులో బ్రాహ్మణుల రక్షణకు ప్రత్యేక చట్టం కావాలంటూ ఒక సభ జరిగింది. 300 ఏళ్ల కిందట రాజుల అంతఃపుర స్త్రీలకు సేవ చేయడానికి వచ్చిన తెలుగువాళ్లు ఇవాళ తమిళులమని చెప్పుకుంటున్నారని, అలాంటప్పుడు బ్రాహ్మణులు తమిళులు కారనడానికి మీరెవరని కస్తూరి ఆ వేదిక మీద అడిగింది. గొడవయ్యాక, తను అందరినీ అనలేదని వివరణ ఇచ్చి మాటలు వెనక్కి తీసుకుంది. అప్పటికే కేసులు పడ్డాయి. ముందస్తు బెయిల్ ఇవ్వడానికి మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఒప్పుకోలేదు. తెలుగు సీరియల్లో ఇల్లాలిగా మన ఇళ్లలో రోజూ కనిపించిన మనిషి కాబట్టి మనవాళ్లకి కోపం రెట్టింపైంది.

పెదనాన్న ఆవేశం తగ్గేదాకా ఆగి వదిన ఒకటే అడిగింది. "మామయ్యా, ఆవిడ మాట మీకు ఎక్కడ గుచ్చుకుంది? బయటినుంచి వచ్చారన్నందుకా? అంతఃపురం ఆడవాళ్లకి సేవ చేశారన్నందుకా?"

ఆయన జవాబు చెప్పలేదు. నేనూ అప్పటిదాకా అలా ఆలోచించలేదు. "రాజుల సైన్యంలో పనిచేయడానికి వచ్చినవాళ్లు" అని ఉంటే మనకి కోపం రాదు. ఇంకాస్త ఛాతీ విరుచుకుంటాం కూడా. ఆ స్త్రీలు ఎలాంటివాళ్లో అన్న చులకన ముందే మనలో ఉంది కాబట్టే, వాళ్లకి సేవ చేశారంటే తిట్టయింది. తిట్టినావిడకీ, తిట్టు తిన్న పెదనాన్నకీ ఆ చులకన ఉమ్మడి ఆస్తి. స్త్రీవాదం, అస్తిత్వం, భావ ప్రకటనా స్వేచ్ఛ మూడు వేరువేరు చర్చలని మనం అనుకుంటాం గానీ, ఇక్కడ ఒక్క వాక్యంలో మూడూ ఉన్నాయి. మద్రాసులో ఇది కొత్తేమీ కాదు. వందేళ్లకు పైగా ఈ ఊళ్లో మాట మీద జరిగిన పెద్ద గొడవలు తీసి చూడండి, దాదాపు ప్రతిదాంట్లో ఒక ఆడమనిషో, ఒక కులమో, తరచుగా రెండూనో ఉంటాయి.

చరిత్ర సంగతికొస్తే, 300 ఏళ్ల లెక్క తప్పు. మదురై, తంజావూరు నాయక రాజ్యాలు మొదలైందే 16వ శతాబ్దంలో. తంజావూరును మరాఠాలు ఏలిన కాలంలో కూడా ఆస్థానంలో తెలుగు కవిత్వం నడిచింది. ఆ ఆస్థానం నుంచి వచ్చిన ఒక కావ్యమే మన కథలో ముఖ్యం.

18వ శతాబ్దంలో ప్రతాపసింహుడి కొలువులో దేవదాసి ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనము' అది. అలిగిన రాధను కృష్ణుడు ఊరడించే కథ. శృంగారం ఉంది, బాగానే ఉంది. ఆ మాటకొస్తే మగకవుల ప్రబంధాల్లో అంతకు తగ్గనంత ఉంది. 19వ శతాబ్దం చివర్లో అచ్చయిన ప్రతిలో, ముద్దుపళని తన ఇంటి ఆడవాళ్ల పరంపర చెప్పుకున్న భాగాన్నీ కొన్ని పద్యాలనూ తీసేశారు. కావ్యం ఉంది గానీ, రాసినామె ఎవరో తెలిసే దారి మూసేశారన్నమాట. బెంగుళూరు నాగరత్నమ్మ మూల ప్రతి సంపాదించి, తీసేసినవన్నీ కలిపి, 1910లో మద్రాసులోనే వావిళ్లవారి ద్వారా మళ్లీ అచ్చు వేయించింది. నాగరత్నమ్మ కూడా దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషే. పేరున్న గాయని.

నాకు ఇబ్బంది కలిగించే మనిషి ఇక్కడే వస్తాడు. కందుకూరి వీరేశలింగం. వితంతు వివాహాల కోసం సంఘాన్ని ఎదిరించిన కందుకూరి, ముద్దుపళనిని వేశ్య అని, ఆడది నోట పలకకూడని, వినకూడని మాటలు ఆ కావ్యంలో ఉన్నాయని రాశాడు. నాగరత్నమ్మ తన పీఠికలో ఆయన్ని నిలదీసింది. సిగ్గనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకి ఉండనక్కర్లేదా అని ఆమె వాదన. మరుసటి ఏడాదే పుస్తకం అశ్లీలమని ఫిర్యాదు వెళ్లింది. పోలీసులు ప్రతులు పట్టుకున్నారు, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. దాన్ని ఎత్తేసింది టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన 1946-47 కాలంలో. వావిళ్లవారు 1952లో మళ్లీ వేశారు. నాగరత్నమ్మ పోయింది కూడా ఆ ఏడాదే.

కందుకూరిని ఈ ఒక్క కారణంతో పక్కన పడేయమని నేననను. అలా పడేస్తే మనకి మిగిలేవాళ్లు తక్కువ. కాకపోతే ఒకటి చూడండి. ఆయన ఆడవాళ్లని 'రక్షించడానికి' వచ్చాడు. ఆ రక్షణలో మంచి ఇల్లాలికి చోటుంది, విధవకు చోటుంది, తన కోరిక గురించి తానే పద్యం రాసే ఆడదానికి చోటు లేదు. ఇవాళ మన టీవీల్లో, పార్టీ వేదికల మీద "మా ఆడపడుచుల గౌరవం" అనేవాళ్ల లెక్క కూడా ఇదే.

ఆడవాళ్లంతా నాగరత్నమ్మ పక్షాన ఉన్నారని కూడా అనుకోకండి. 1927లో మద్రాసు శాసన మండలిలో అడుగుపెట్టిన తొలి మహిళ డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. ఆవిడ తల్లిది దేవదాసీ కుటుంబం. ఆ ఆచారం రద్దు కావాలని పోరాడింది ఆవిడే. చివరికి 1947లో చట్టం వచ్చింది. నాగరత్నమ్మా, మరికొందరు దేవదాసీలూ ఆ ప్రయత్నాన్ని వ్యతిరేకించారు. మాకు ఆస్తి హక్కుంది, ఆడపిల్లని దత్తత తీసుకునే హక్కుంది, సంగీతం ఉంది, అవన్నీ తీసేసి మమ్మల్ని పతితలుగా లెక్క కడతారా అని వాళ్ల బాధ. చిన్నపిల్లల్ని గుడికి అంకితం చేసే పద్ధతిని ఎలా సమర్థిస్తారని ముత్తులక్ష్మి రెడ్డి బాధ. ఈ రెండింట్లో దేన్నీ తోసిపుచ్చడం నావల్ల కాలేదు. చట్టం రావాల్సిందే. కానీ వచ్చిన తీరులో ఒక కులం ఆడవాళ్లందరి మీదా మచ్చ పడింది. దేవదాసీ అన్న పదమే తిట్టుగా స్థిరపడింది. 2024 నవంబరులో ఎగ్మోరు వేదిక మీద నుంచి మా మీద పడిన రాయి ఆ గుట్టలోదే.

ఇక చట్టం. మాట్లాడే స్వేచ్ఛ మీద మన రాజ్యాంగం పెట్టిన కట్టుబాట్లకీ మద్రాసుకీ ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. 1950లో మద్రాసు రాష్ట్రమంటే మన ఆంధ్ర జిల్లాలు కూడా కలిసే. కమ్యూనిస్టు పార్టీ మీద అప్పుడు నిషేధం. రమేశ్ థాపర్ బొంబాయి నుంచి నడిపిన 'క్రాస్ రోడ్స్' అనే వామపక్ష వారపత్రికని మద్రాసు ప్రభుత్వం రాష్ట్రంలోకి రానివ్వలేదు. ఆయన సుప్రీంకోర్టుకెళ్లి గెలిచాడు. రాజ్యాంగం అప్పటి రూపంలో 'శాంతిభద్రతల' పేరు చెప్పి మాటను ఆపే వీలు ఇవ్వలేదని 1950 మేలో కోర్టు తేల్చింది.

అదే సమయంలో ఇంకో కేసు, అదీ మద్రాసు నుంచే. చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ, కమ్యూనల్ జీవో వల్ల తనకి మెడికల్ సీటు రాదని కోర్టుకెక్కింది. ఆ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ముస్లింలకు 1, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1. ఎలాగూ రాదని తెలిసి ఆమె అసలు దరఖాస్తే పెట్టలేదు. 1951 ఏప్రిల్లో సుప్రీంకోర్టు జీవోను కొట్టేసింది. ఇలాంటి జీవో మొదట పుట్టింది 1921లో, బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ పాలనలో. దాన్ని తెచ్చిన పానగల్ రాజా రామరాయణింగారు తెలుగువాడు. మేం రోజూ నడిచే పార్కు ఆయన పేరు మీదిదే, చుట్టూ ఉన్న టీనగర్ అంతా అదే పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీదిది. మద్రాసు ఆడవాళ్లకి ఓటు హక్కు కూడా అదే 1921లో, బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మొదటిసారిగా వచ్చింది. ఓటు ఆస్తి ఉన్నవాళ్లకే, అది వేరే సంగతి.

ఈ రెండు ఓటములకీ జవాబుగా 1951 జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. ఇంకా సాధారణ ఎన్నికలు కూడా జరగలేదు. ఒకే సవరణలో, మాట్లాడే స్వేచ్ఛకి హద్దులు చెప్పే 19(2)లో శాంతిభద్రతలు, విదేశాలతో స్నేహసంబంధాలు, నేరానికి ప్రేరేపించడం అనే మూడు కారణాలు చేర్చారు. ఆంక్షలు 'సహేతుకంగా' ఉండాలన్న మాటా అప్పుడే చేరింది. 15(4) చేర్చి, వెనుకబడిన వర్గాల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం ప్రభుత్వానికిచ్చారు. అంటే రిజర్వేషన్ల తలుపు తెరిచిన చెయ్యీ, మాట మీద గొళ్లెం పెట్టిన చెయ్యీ ఒకటే. పెదనాన్నలాంటి పాత వామపక్షాల వాళ్లు మొదటి సగాన్ని మెచ్చుకుని రెండో సగాన్ని తిడతారు. నా ఆఫీసులో కొందరు దీన్ని తిరగేసి చెబుతారు. సవరణను మొత్తంగా చదివినవాళ్లు నాకు తక్కువగా కనబడ్డారు.

1989లో ఎస్. రంగరాజన్ కేసులో ఈ రెండు సగాలూ మళ్లీ ఎదురుపడ్డాయి. రిజర్వేషన్ల విధానాన్ని విమర్శించిన ఒక తమిళ సినిమా సెన్సారు సర్టిఫికెట్‌ను మద్రాసు హైకోర్టు రద్దు చేస్తే, సుప్రీంకోర్టు తిరిగి ఇచ్చింది. మాటకీ అల్లరికీ మధ్య సంబంధం, మందుగుండు పీపాలో నిప్పురవ్వ పడ్డంత దగ్గరగా ఉంటేనే ఆపాలంది. గొడవ చేస్తామని ఎవరో బెదిరిస్తున్నారు కాబట్టి ఆపుతామని ప్రభుత్వం అనకూడదు, గొడవ చేసేవాళ్లని ఆపడం దాని పని. కోర్టు మాట పుస్తకాల్లో ఇంత స్పష్టంగా ఉంది. ఠాణాలో అలా ఉండదు. రెండు వర్గాల మధ్య వైరం పెంచారన్న నేరానికి పాత శిక్షాస్మృతిలో 153ఏ, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 196. మామూలుగా గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు యాంత్రికంగా చేయొద్దని 2014లో అర్ణేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మనోభావాల కేసుల్లో అరెస్టే శిక్ష. తీర్పు ఎప్పుడొస్తుందో ఎవరూ పట్టించుకోరు. వీడియోలో పోలీసు జీపు ఎక్కడం చూశామా లేదా, అంతే.

ఆరోజు పార్కులో నేను పెదనాన్నతో ఈ మాటే అన్నాను. ఆవిడ అన్నది తప్పు, చౌకబారు మాట, చరిత్ర కూడా కాదు. క్షమాపణ అడగాలి, మన సంఘాలవాళ్లు ఆవిడ సభలకి వెళ్లకూడదు, నిర్మాతలు పిలవకపోతే అది వాళ్లిష్టం. జైలెందుకు? "నీకు పౌరుషం లేదమ్మాయ్" అన్నాడు.

ఉండొచ్చు. కానీ నా పౌరుషం ఎప్పుడు ఎటు తిరుగుతుందో నాకూ తెలుసు. 2018 అక్టోబరులో మీటూ వచ్చినప్పుడు, సినిమావాళ్ల పేర్లు, సంగీత విద్వాంసుల పేర్లు బయటికి వస్తుంటే "చెప్పనివ్వండి, ఇన్నాళ్లు నోరు మూయించారు" అన్నాను. ఆ తర్వాత నాకు పని నేర్పిన పాత బాసు పేరు ఒక జాబితాలో కనబడింది. అరగంటలో నా నోటినుంచి వచ్చిన మాట: "సాక్ష్యం లేకుండా పరువు తీస్తారా?" వదిన పక్కనే ఉంది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. నా సూత్రం నిన్నటిదాకా గట్టిదే, అది నాకు తెలిసినవాళ్ల మీద పడనంతవరకూ.

గాయని చిన్మయి కథ కూడా ఇలాగే రెండు వైపులా కోస్తుంది. 2012లో తనని ఆన్‌లైన్‌లో వేధిస్తున్నారని ఆమె చెన్నై పోలీసులకి ఫిర్యాదు చేస్తే అరెస్టులు జరిగాయి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు పెడితే నేరమనే ఐటీ చట్టం 66ఏ అప్పట్లో ఉండేది. భావ ప్రకటనా స్వేచ్ఛ వాదులు ఆ అరెస్టుల్ని ఉదాహరణగా చూపించారు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు 66ఏని కొట్టేసింది. నేను సంబరపడ్డాను, ఇప్పటికీ అది మంచి తీర్పే అంటాను. అయితే మీటూలో నోరు విప్పిన తర్వాత అదే చిన్మయికి డబ్బింగ్ యూనియన్ సభ్యత్వం పోయింది. చందా కట్టలేదని యూనియన్ మాట. మాట్లాడినందుకేనని ఆమె మాట. ఇక్కడ ప్రభుత్వం లేదు, సెక్షను లేదు. 19వ అధికరణం పనికొచ్చేది ప్రధానంగా ప్రభుత్వం మీద. పని ఇచ్చేవాళ్లు, సంఘాలు, బంధువులు నోరు మూయిస్తే దాని దగ్గర మందు లేదు. ఆడవాళ్ల నోళ్లు ఎక్కువగా మూతపడేది అక్కడే. అందుకే "నీకు స్వేచ్ఛ ఉంది కదా, మాట్లాడు" అని మగవాళ్లు అన్నప్పుడు వదిన నవ్వుతుంది.

నటి ఖుష్బూ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పెళ్లికి ముందు శారీరక సంబంధాల గురించి, చదువుకున్న మగవాడు కన్యే కావాలని ఎదురుచూడటం గురించి 2005లో ఒక పత్రికతో నాలుగు మాటలు చెప్పింది. తమిళ స్త్రీల గౌరవం పోయిందని చీపుర్లు, చెప్పులు పట్టుకుని రోడ్డెక్కారు. 20కి పైగా కేసులు. హైకోర్టులో ఊరట దొరకలేదు. 2010 ఏప్రిల్లో సుప్రీంకోర్టు అన్నీ కొట్టేసింది. విచారణలో జడ్జీలు రాధాకృష్ణుల ప్రస్తావన తెచ్చారని పేపర్లలో వస్తే, దాని మీద మళ్లీ మనోభావాలు దెబ్బతిన్నాయి. ముద్దుపళని ఉంటే ఏమనేదో!

ఖుష్బూ ఆ ఏడాదే డీఎంకేలో చేరింది, 2014లో కాంగ్రెస్, 2020లో బీజేపీ. పెదనాన్న దీన్ని నీతి లేనితనానికి ఉదాహరణగా చెబుతాడు. నేను మరీ అంత కఠినంగా చూడను. పార్టీ మారడం ఒకటి, అభిప్రాయం మారడం ఇంకొకటి. పార్టీ మారినా 2005లో అన్న మాట మీదే నిలబడి ఉంటే నాకు అభ్యంతరం లేదు. అంతెందుకు, పెదనాన్న మాటేమిటి? కాలేజీలో ఎర్రజెండా, 1983లో ఎన్టీఆర్, ఇప్పుడు పొద్దున్న లేస్తే దేశభక్తి వీడియోలు. ఆయన్ని అడిగితే "నేనేం మారలా, లోకం మారింది" అంటాడు.

కొంతవరకు నిజమే చెబుతున్నాడు. తడ దాటి ఇటొస్తే మనం భాషాపరంగా మైనారిటీ. మా వీధిలో తెలుగు బడి మూతపడింది, తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం వల్ల తెలుగు మీడియం పిల్లలు కోర్టుల చుట్టూ తిరిగారు, ఎన్నికలప్పుడు ఎవడో ఒకడు "వందేరి" అంటాడు, వలస వచ్చినోడు అని. అప్పుడు మనకి హక్కులు గుర్తొస్తాయి, రాజ్యాంగం గుర్తొస్తుంది. అదే పెదనాన్న సంక్రాంతికి నెల్లూరు వెళ్తే, అక్కడి మైనారిటీల గురించి మాట్లాడే తీరు చెవులు మూసుకోవాల్సినట్టు ఉంటుంది. రెండున్నర గంటల రైలు ప్రయాణంలో మనిషి మారలేదు, ఆయన నిలబడ్డ చోటు మారింది. రాజకీయ నమ్మకాలు వాదనల వల్ల మారడం నేను తక్కువగా చూశాను. అద్దె ఇల్లు దొరకనప్పుడు, కూతురు వేరే కులం అబ్బాయిని తెచ్చినప్పుడు, ఆస్తి పంపకాలప్పుడు మారతాయి.

ఆస్తి అన్నాను కాబట్టి చెబుతాను. కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చింది, తమిళనాడులో 1989లో వచ్చింది, దేశమంతటికీ 2005లో. ఎన్టీఆర్ ఫొటో హాల్లో పెట్టుకున్న పెదనాన్న, మా అత్త నెల్లూరు పొలంలో వాటా అడిగితే నాలుగేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆ చట్టం కిందికి వస్తుందా రాదా అని వకీలుని కూడా అడగలేదు. అడిగిందని కోపం, అంతే. ఆడవాళ్ల మీద ఆయనకి ద్వేషమేం లేదు. అత్త పోయిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే.

నాలుగు రోజుల్లో కస్తూరికి బెయిల్ వచ్చింది. పార్కులో ఆ విషయం తీయకుండా ఉండాలని నేను చూశాను గానీ వదిన ఊరుకోలేదు, నాగరత్నమ్మ కథ మొత్తం చెప్పింది. పెదనాన్న మధ్యలో ఆపేశాడు. "ఆ పుస్తకం నాకు తెలుసు. మా నాన్న బీరువాలో ఉండేది, వావిళ్లవారిది. తాళం వేసేవాడు."

"మీరు చదివారా మామయ్యా?"

"తాళం ఎక్కడ పెడతాడో కనిపెట్టా" అన్నాడు.

"ఇప్పుడుందా?"

"నీకెందుకమ్మా అయ్యన్నీ" అని లేచి నడక మొదలుపెట్టాడు.

మర్నాడు ఉదయం ఒక సంచీ తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. లోపల పుస్తకం. అట్ట కనబడకుండా నాలుగు వైపులా న్యూస్‌పేపరు చుట్టి, దారం కట్టి ఉంది.